ఆసుపత్రి పద్దు – దాని పూర్వకథ



నేటి కాలమున ఆసుపత్రినుండి యింటికి తిరిగివచ్చిన రోగివెంట మందుల సంచితోబాటు ఒక కాగితముల కట్టకూడ వచ్చును. అందు పద్దు లుండును, రసీదులుండును, పరీక్షల ఫలితములుండును; వైద్యుని సంతకముతో గూడిన విడుదల పత్ర మొకటి యుండును. ఇంటివారు ఆ కట్టను పట్టుకొని ఊరిలో చదువుకొన్న పెద్దమనిషి యరుగుమీదికి వత్తురు. "అయ్యా, కంపెనీవాళ్లు డబ్బు ఇస్తారో ఇవ్వరో కొంచెం చూసి చెప్పండి" అని యడుగుదురు. ఆ పెద్దమనిషికి భూమి దస్తావేజులు క్రొత్త గావు. పట్టాలోని సరిహద్దులను, తాకట్టు పత్రములోని వడ్డీ షరతును వ్రేలుపెట్టి చూపగలడు. కాని యీ కట్టముందు అతడును తడబడుచున్నాడు. ఈ కట్ట యెచ్చట పుట్టినది, ఎవరి యవసరముకొఱకు పుట్టినది, ఎన్ని చేతులు మాఱి మన యరుగుమీదికి వచ్చినది అను కథను ఈ దినము మీకు మనవి చేయదలచితిని.

పూర్వము వైద్యమునకు పద్దు లేకుండెను. వైద్యుడు రోగి యింటికి వచ్చెడివాడు; నాడి చూచెడివాడు; మాత్రయో, కషాయమో ఇచ్చెడివాడు. కలిగినవారు రొక్కమిచ్చెడివారు. లేనివారు కళ్లమునాడు కుంచమో తూమో ధాన్యము కొలిచెడివారు. అదియు లేనివారు దండముపెట్టి ఊరకుండెడివారు. అది బంగారు కాలమని నేను చెప్పను. ఆ వైద్యమువలన నెందఱు బ్రతికిరో, ఎందఱు చనిపోయిరో వ్రాసిపెట్టినవారు లేరు. నేను చెప్పవచ్చినది ఒక్కటే: అచ్చట నున్నవారు ఇద్దఱే. డబ్బిచ్చువాడే మందు పుచ్చుకొనువాడు. జ్వరము తగ్గినదో లేదో వాని యొడలికే తెలియును గనుక కాగితముతో పనిలేదు. మూడవవాడొకడు వచ్చి "ఇతని వైద్యమునకు డబ్బు నేను చెల్లింతును" అన్ననాడు కాగితము పుట్టినది. ఆ మూడవవాడు రోగిని చూచినవాడు కాడు. జ్వరమును చేతితో తాకి చూచినవాడు కాడు. వానికి సాక్ష్యము కావలెను. నేడు మనము బీమా క్లెయిము అని చెప్పుకొనునది ఈ సాక్ష్యమునే.

ఈ మూడవవాడు మొదట పొరుగువాడే. ఇంగ్లాండు దేశమున 18వ, 19వ శతాబ్దములందు కూలివారును, చేతిపనివారును పరస్పర సహాయ సంఘములు పెట్టుకొని వారమువారము కొన్ని పెన్నీలు చందా వేసికొనుచుండిరి. సభ్యుడు జబ్బుపడి పని మానినచో సంఘము అతనికి వారమునకు ఇంతయని భృతి యిచ్చును. అయితే వాడు నిజముగా మంచము పట్టినాడా, లేక దొడ్డిలో పని చేసికొనుచు భృతి తినుచున్నాడా? ఇది తెలిసికొనుటకు వారు పెద్ద కచేరీ యేదియు పెట్టలేదు. సభ్యులలో కొందఱిని రోగిని చూచివచ్చుటకు నియమించిరి. వారు వెళ్లి మంచముప్రక్కన కూర్చుండి కుశలమడిగి, భృతి చేతికిచ్చి వచ్చెడివారు. పరామర్శయు నదియే, తనిఖీయు నదియే. ఈ సంగతిని కొంచెము మనసున నుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ప్రభుత్వమే ఈ పనికి పూనుకొన్నది మొదట జర్మనీ దేశమున. 1883 జూన్ 15వ తేదీన, బిస్మార్కు ఛాన్సలరుగా నున్న కాలమున, కార్మికుల వ్యాధి బీమా చట్టము వెలువడినది. చందాలో మూడింట రెండుపాళ్లు కార్మికుడును, ఒకపాలు యజమానియు నీయవలెను. జబ్బుపడినవానికి వైద్యమును, మందులును ఉచితము. మూడవ దినమునుండి పదుమూడు వారములవఱకు సగము కూలి. బిస్మార్కు హృదయము కరగి చేసిన పని కాదిది. కార్మికులు సోషలిస్టులవెంట పోకుండ ప్రభుత్వమునకు కట్టుపడియుండవలెనని చేసెను. ఆ వ్యాధి నిధులవారు తాము చెప్పిన వైద్యునియొద్దకే, తాము చెప్పిన ధరకే పోవలెననగా వైద్యులకు కష్టము తోచి 1900లో లైప్జిగు నగరమున సంఘముకట్టి పోరాడిరి. రోగికిని వైద్యునికిని నడుమ మూడవవాడు కూర్చున్నచో జగడము తప్పదనుటకు అది తొలి గుర్తు. 1911లో బ్రిటను దేశమున లాయిడ్ జార్జి చేసిన జాతీయ బీమా చట్టముక్రింద పురుష కార్మికుడు వారమునకు 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వము 2 వేసిరి. అచ్చట వైద్యునికి చూచిన రోగినిబట్టి గాక, తన పట్టికలోనున్న తలకు ఏటికింతయని సొమ్మిచ్చిరి. తలలెక్కన ఇచ్చుచోట ఒక్కొక్క జ్వరమునకు ఒక్కొక్క పద్దు వ్రాయ నక్కఱలేదు. పద్దుల యడవి పెరిగినది అమెరికాలో.

1929వ సంవత్సరము. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరము. అచ్చట బేలరు విశ్వవిద్యాలయమువారి ఆసుపత్రి యొకటి అప్పులలో నుండెను. దాని బాధ్యత వహించుటకు వచ్చినవాడు జస్టిన్ ఫోర్డ్ కింబాల్. ఇతడు వైద్యుడు కాడు. అంతకుముందు ఆ నగరపు పాఠశాలలకు పెత్తందారుగా పనిచేసినవాడు. ఆసుపత్రి లెక్కపుస్తకములు తిరుగవేయగా, వసూలుకాని పద్దులక్రింద తనకు తెలిసిన పేర్లే కనబడజొచ్చినవట. వారందఱును ఉపాధ్యాయినులు. జీతము తక్కువ, గౌరవము ఎక్కువ. అప్పు ఎగవేయుటకు మనసొప్పదు, తీర్చుటకు చేతకాదు. ఇట్టివారు మన యూళ్లలో లేరా?

కింబాల్ పూర్వము ఉపాధ్యాయులకొఱకు ఒక వ్యాధి సహాయ నిధిని నడపియుండెను. దాని దస్త్రములలో ఎవరు ఎన్ని దినములు జబ్బుపడిరో వ్రాసియుండినది. వానినిబట్టి లెక్కకట్టగా, ఒక్కొక్కరి ఆసుపత్రి ఖర్చు సగటున నెలకు 15 సెంట్లే అగునని తేలినది. చేయి జారకుండ నుండుటకై అతడు నెలకు 50 సెంట్లని నిర్ణయించెను. ఏటికి 6 డాలర్లు చెల్లించినవారికి ఏటికి 21 దినములవఱకు ఆ యాసుపత్రిలో ఉండి చికిత్స పొందు హక్కు కలదు. వేయికి పైగా ఉపాధ్యాయులు చేరిరి. ఆ డిసెంబరునెలలోనే, మంచుమీద జాఱిపడి చీలమండ విఱిగిన ఒక ఉపాధ్యాయిని ఈ యేర్పాటుక్రింద మొదట చేరినదని చెప్పుదురు.

ఇందులోని కిటుకు గమనింపదగినది. జబ్బుపడినవాడు మాత్రమే చందా కట్టినచో నిధి ఒక్క నెలలో ఖాళీయగును. ఆరోగ్యవంతులు, రోగులు అందఱును ఒక్కమాఱుగా చేరినప్పుడే సగటు నిలుచును. అందుచేతనే ఇట్టి పథకములు ఒక పాఠశాలవారినో, ఒక కర్మాగారమువారినో గుంపుగా చేర్చుకొనినవి. నేటి పాలసీలలో "నిరీక్షణ కాలము" అను షరతు, అనగా పాలసీకి ముందే యున్న జబ్బులకు కొన్ని సంవత్సరములవఱకు డబ్బీయమను షరతు, పుట్టినదియు ఈ భయమువలననే. ఇల్లు అంటుకొన్న తరువాత వచ్చి నూతికి చందా వేయువానిని ఎవరును చేర్చుకొనరు గదా.

డల్లాసు పథకమున క్లెయిము అనునది దాదాపుగా లేదు. ఏలయన డబ్బు పుచ్చుకొన్నవాడును ఆసుపత్రివాడే, చికిత్స చేయువాడును వాడే. పేరు పుస్తకమున నున్నచో చాలును. అయితే నగరమున ఆసుపత్రులు అనేకము లుండును. "నాకు నచ్చిన ఆసుపత్రికి నేను పోవలదా?" అని జనులడిగిరి. 1932లో కాలిఫోర్నియాలోని సాక్రమెంటో నగరమున పెక్కు ఆసుపత్రులు కలిసి ఒక పథకమును పెట్టినవి. చందా ఒకచోట, చికిత్స మఱియొకచోట. అప్పుడు ఏ యాసుపత్రి ఎవరికి ఏమి చేసినదో నడుమనున్న సంస్థకు వ్రాసి పంపక తప్పలేదు. రోగికి స్వేచ్ఛ పెరిగినది. దానితోబాటు కాగితమును పెరిగినది. నీలి శిలువ గుర్తుతో ఈ పథకములు దేశమంతట వ్యాపించినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, అమెరికా ప్రభుత్వము జీతములు పెంచరాదని కట్టడి చేయగా, యజమానులు పనివారిని ఆకర్షించుటకు జీతమునకు బదులు బీమా నీయజొచ్చిరి. అట్లు ఉద్యోగమునకు బీమాకు పడిన ముడి ఆ దేశమున నేటికిని విడలేదు.

ఇక కాగితముమీద ఏమి వ్రాయవలెను? ఒక వైద్యుడు "విషజ్వరము" అని వ్రాసిన దానిని మఱియొకడు వేఱుపేరుతో వ్రాయును. లెక్క చూచువాడు వేయి మైళ్ల దూరమున నున్నాడు. పేర్లన్నింటిని ఒక పట్టికలోనికి తేవలెను. ఆ పట్టిక అప్పటికే యుండెను. కాని అది బ్రతికినవారికొఱకు చేసినది కాదు.

17వ శతాబ్దమున లండను నగరమున, ప్లేగు భయముచేత, వారమువారము చనిపోయినవారి పట్టికను అచ్చువేసి అమ్ముచుండిరి. ఇంగ్లీషున ఆ పట్టికకు పేరు "బిల్లు". డబ్బుకొఱకు కాదు, చావులకొఱకు వేసిన బిల్లు. ఒక్కొక్క పేటలో ఇద్దఱు ముసలమ్మలు శవమును చూచి చావునకు కారణము చెప్పెడివారు. ఆ పట్టికలలో ప్లేగు, క్షయలతోబాటు దుఃఖము, భయము, పండ్లు అను కారణములును కనబడును. జాన్ గ్రాంట్ అను వర్తకుడు వానిని పోగుచేసి పరిశీలించి 1662లో ఒక గ్రంథము ప్రకటించెను. తరువాత 19వ శతాబ్దమున విలియం ఫార్ అను వైద్యుడు ఇంగ్లాండు రిజిస్ట్రారు జనరలు కార్యాలయమున కూర్చుండి, జబ్బుల పేర్లు దేశమంతట ఒక్కటిగా నుండవలెనని పట్టుబట్టెను. 1893లో పారిసు నగరపు గణాంకవేత్త జాక్ బెర్తియోన్ తయారుచేసిన పట్టికను అంతర్జాతీయ గణాంకవేత్తల సభ యామోదించినది. 1948లో దాని ఆఱవ కూర్పు ప్రపంచ ఆరోగ్యసంస్థ చేతికి వచ్చినప్పుడు, చావుకు కారణములనేగాక చంపని జబ్బులనుకూడ అందు చేర్చిరి. ఆ తరువాత చచ్చినవారి లెక్కకొఱకు పుట్టిన పట్టిక బ్రతికినవారి పద్దులోనికి ప్రవేశించినది. దాని పదవ కూర్పులో త్రాచుపాము కాటైనను, కట్లపాము కాటైనను "టి 63.0" అను సంకేతము క్రిందికే వచ్చును. పాము పేరు, పొలము పేరు, కఱచిన వేళ అన్నియు పోయి ఒక అక్షరమును, మూడంకెలును మిగిలినవి.

ఇది జబ్బు సంకేతము. చేసిన పనికి మఱియొక సంకేతము కావలెను గనుక, అమెరికా వైద్య సంఘమువారు 1966లో చికిత్సలకు ప్రత్యేకముగ ఒక సంకేతావళి వెలువరించిరి. పద్దు పరిశీలించువాడు మొట్టమొదట చూచునది ఈ రెంటికి పొందిక యున్నదా యని. జబ్బు కంటిది, శస్త్రచికిత్స మోకాలిది అయినచో కాగితము వెనుకకు వచ్చును. వ్రాతగాని పొరపాటైనను అంతే, మోసమైనను అంతే. కాగితమును చూచువానికి రెండును ఒకటే.

1965 జూలై 30వ తేదీన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వృద్ధుల వైద్యబీమా చట్టముపై సంతకము చేసెను. మాజీ అధ్యక్షుడు ట్రూమన్ స్వగ్రామమునకే వెళ్లి, అతని యెదుటనే సంతకముచేసి, మొదటి కార్డు అతనికే యిచ్చెను. ఆ చట్టముక్రింద ఆసుపత్రికి ఎంత ఖర్చైనచో అంత ప్రభుత్వము చెల్లించును. మేస్త్రీకి రోజుకూలి యిచ్చి గోడ కట్టించినచో ఏమగునో మనకు తెలియును. ఇటుక ఇటుకకు తాంబూలము. ఖర్చు ఆకాశమునంటగా 1983లో పద్ధతి మార్చిరి. యేలు విశ్వవిద్యాలయములోని రాబర్ట్ ఫెట్టర్ అను ఆచార్యుడును, మొదట రోగుల పరిచారకుడుగా పనిచేసిన జాన్ థాంప్సనును కలిసి, ఆసుపత్రిలో చేరువారి నందఱిని సుమారు 470 తరగతులుగా విభజించియుండిరి. ఒక్కొక్క తరగతికి ఒక్క ధర. రోగి నాలుగు దినము లున్నను, పది దినము లున్నను సామాన్యముగా ఆ ధరయే. అనగా గుత్త. గుత్తకిచ్చిన గోడ త్వరగా లేచును. సున్నము సరిగా కలిపిరో లేదో మనము చూచుకొనవలెను. రోగులను తొందరపడి ఇంటికి పంపుచున్నారనియు, చిన్న జబ్బును పెద్ద తరగతిలో వ్రాయుచున్నారనియు ఫిర్యాదులు బయలుదేరినవి. రోజుకూలికి గుత్తకు నడుమ మూడవ మార్గమును లోకము ఇంకను వెదకుచునే యున్నది. పద్దును చేతబట్టినప్పుడు ఇది ఏ పద్ధతి పద్దు అని ముందుగా నడిగినచో, మోసమునకు సందు ఎచ్చట నుండునో సగము తెలిసిపోవును.

మన దేశమునకు వత్తము. 1944లో ఆచార్య అదార్కరు కార్మికుల ఆరోగ్యబీమాను గూర్చి నివేదిక సమర్పించెను. దానినిబట్టి 1948లో కార్మిక రాజ్య బీమా చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరులో నెహ్రూగారు పథకమును ప్రారంభించిరి. అది కర్మాగారపు జీతగాండ్రకు. పల్లెలోని రైతుకు, కూలికి, నేతగానికి అందులో చోటులేదు. 1986లో ప్రభుత్వరంగ బీమా కంపెనీలు "మెడిక్లెయిము" అను పాలసీని పెట్టినవి. అందు రోగి మొదట తన డబ్బు చెల్లించి, పిమ్మట రసీదులన్నియు జతపఱచి పంపినచో కంపెనీ తిరిగి యిచ్చును. డబ్బున్నవానికి డబ్బు తిరిగి వచ్చు పద్ధతి యిది. చేతిలో లేనివానికి బీమా యున్నను లేనట్లే. 2001లో బీమా నియంత్రణ సంస్థ నడుమనుండి క్లెయిములు నడపు సంస్థలకు నియమములు చేయగా, ఆసుపత్రి గడపలోనే అనుమతి తెప్పించుకొని రోగి డబ్బు కట్టకయే చికిత్స పొందు పద్ధతి వ్యాపించినది.

ఈ పద్ధతిలో పల్లెవారికి తఱచుగా తగులు దెబ్బ గదియద్దెది. మూడు లక్షల పాలసీలో దినమునకు గదియద్దె నూటికి ఒకటి, అనగా 3,000 రూపాయలకు మించరాదని షరతున్నదనుకొందము. కొడుకు ప్రేమచేత తండ్రిని 6,000 రూపాయల గదిలో చేర్చెను. కంపెనీ గదియద్దెలో సగమే యిచ్చునని అందఱును ఊహింతురు. కాని ఇట్టి షరతున్న పాలసీలు పెక్కింటిలో శస్త్రచికిత్సకుని రుసుము, ఆపరేషను గది రుసుమువంటివి కూడ ఆ పాళ్లలోనే సగమునకు కోయబడును. ఆసుపత్రులు గది పెద్దదైనకొలది అదే కత్తికి ధర పెంచుటయే దీనికి కారణము. మందులకు, శరీరమున నమర్చు పరికరములకు, పరీక్షలకు ఈ కోత వర్తింపరాదని నియంత్రణ సంస్థ 2020లో చెప్పినది. కనుక కోసిన లెక్క వచ్చినప్పుడు ఏ పద్దులను కోసిరో వరుసగా చూడవలెను.

ఇచ్చట మా మేనమామగారి సంగతి చెప్పక తప్పదు. ఆయన రైతు. కొడుకు పట్టణమున ఉద్యోగము చేయుచు తలిదండ్రులకు పాలసీ తీసికొని ప్రతి ఏడును సొమ్ము కట్టుచుండెను. మూడవ ఏట ఒకనాటి రాత్రి ఆయనకు గుండెనొప్పి వచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చిరి. రాత్రి పనిలోనున్న కుఱ్ఱ వైద్యుడు "షుగరుందా? ఎన్నాళ్ల నుంచి?" అని యడుగగా, మా అత్తగారు కంగారులో "పదేళ్ల నుంచి ఉంది బాబూ" అనిరి. మన యిండ్లలో పదేండ్లనగా చాలకాలమని యర్థము. ఎవరును దానిని పంచాంగము చూచి లెక్కపెట్టరు. నిజమునకు ఆ జబ్బు బయటపడి రెండేండ్లే యైనది. వైద్యుడు "పది సంవత్సరములు" అని వ్రాసెను. విడుదల పత్రములో నదియే యెక్కినది. పాలసీకి మూడేండ్లు, జబ్బుకు పదేండ్లు. ఉన్న జబ్బును దాచినారని చెప్పి కంపెనీ రెండు లక్షల పదివేల రూపాయల క్లెయిమును త్రోసివేసినది. మనిషి బ్రతికి యింటికి వచ్చెను గాని, ఆ యుత్తరము చదివిన దినమున ఆయన అన్నము తినలేదు. డబ్బు పోయినందుకుగాదు, అబద్ధమాడినా డని వ్రాసినందుకు.

పూర్వపు ఆంగ్ల సంఘములో చూచివచ్చు పొరుగువాడు ఇట్టి పొరపాటు చేసియుండడు. మా మామగారికి ఎప్పుడు షుగరు వచ్చినదో, ఎప్పటినుండి కాఫీలో పంచదార మానెనో వీధివారందఱికిని తెలియును.

ఆ పొరుగు సాక్షిని కొంతవఱకు తిరిగి తెచ్చిన ప్రయత్నము మన తెలుగునాటనే జరిగినది. 2007 ఏప్రిల్ 1వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించినది. అంతకుముందు గుండెకు శస్త్రచికిత్స కావలసిన బీదవాడు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని, ఎవరైన చెప్పిపెట్టువారుండినచో, డబ్బు పొందెడివాడు. ఆరోగ్యశ్రీలో తెల్లకార్డున్న కుటుంబమునకు ఏటికి లక్షా యేబదివేలును, అవసరమైనచో మఱి యేబదివేలును హక్కుగా నిచ్చిరి. మొదట బీమా కంపెనీకి ప్రభుత్వమే కుటుంబమునకింతయని ప్రీమియము కట్టినది. పిమ్మట ఒక ట్రస్టు నేరుగా చెల్లింపజొచ్చినది. ఏడాది తిరిగినపిమ్మట పథకము రాష్ట్రమంతట వ్యాపించినది. చికిత్సల పట్టిక 942 వఱకు పెరిగినది. ప్రతి చికిత్సకును ముందుగా నిర్ణయించిన ధర; అనగా గుత్త పద్ధతి.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను, ఆసుపత్రి గుమ్మమునను ఆరోగ్యమిత్ర అనువారిని నియమించిరి. కార్డు చూచి, పేరు వ్రాసి, రోగిని చేయిపట్టి లోనికి గొనిపోవుట వారి పని. నా యెఱుకలో ఈ పథకమున మెచ్చదగిన భాగ మిదియే. చదువురాని ముసలమ్మకు వేయి పడకల ఆసుపత్రిలో తన భాషలో మాటాడు మనిషి యొకరు దొరికిరి. చికిత్సకు ముందు ఆసుపత్రివారు పరీక్షల పటములను, రోగి ఛాయాచిత్రమును యంత్రముద్వారా పంపగా, ట్రస్టు వైద్యులు చూచి యనుమతి నిత్తురు. చికిత్స యయిన పిమ్మట మరల చిత్రములు పంపవలెను. పరామర్శకు మిత్రయు, తనిఖీకి ఛాయాచిత్రమును వచ్చినవి. పూర్వము ఒక్కని చేతనున్న పని రెండుగా చీలినది.

అయినను గుత్తలోని దోషము ఇచ్చటను తలయెత్తినది. పటము చికిత్స జరిగినదని చెప్పునుగాని, అది అవసరమా అని చెప్పలేదు. చిన్న వయసు స్త్రీలకు అక్కఱలేకయే గర్భసంచి తీసివేయుచున్నారను ఆక్షేపణలు రాగా, అట్టి కొన్ని చికిత్సలను ప్రభుత్వము 2011లో సర్కారు ఆసుపత్రులకే ప్రత్యేకింపవలసి వచ్చినది. పొలము పనికి వంగలేక, నడుమునొప్పితో ముప్పదియైదేండ్లకే ముసలివారైన ఆ స్త్రీల పద్దులలో సంకేతములన్నియు సరిగానే పొందియుండును. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మటను ఇరువైపులను ఈ పథకము నిలిచినది; పేర్లు మాఱినవి, పరిమితులు పెరిగినవి. 2018 సెప్టెంబరు 23వ తేదీన కేంద్రప్రభుత్వము కుటుంబమునకు ఏటికి 5 లక్షలతో ఆయుష్మాన్ పథకమును రాంచీలో ప్రారంభించినది. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు నిలిపెదమని హెచ్చరించిన సందర్భములు మాత్రము రెండు తెలుగు రాష్ట్రములందును పలుమాఱు కలిగినవి. మూడవవాడు ఆలస్యముచేసినచో మొదటివాడు గుమ్మములో నిలుచుండవలసినదే.

మా మామగారి కథ సగములో విడిచితిని. కొడుకు మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగమునకు వ్రాసెను. వారు నెలదినములలో సరియైన జవాబీయనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్సుమనునకు అర్జీ పెట్టుకొనవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. అంతవఱకు పోలేదు. ఇంటిలో వెదకగా, పాలసీ తీసికొన్న యేడు ఊరిబడిలో జరిగిన వైద్యశిబిరపు చీటీ యొకటి దొరికినది. అందు చక్కెర సామాన్యముగా నున్నట్లు అంకె కలదు, తేదీ కలదు. మందుల దుకాణపు మొదటి రసీదు రెండేండ్ల నాటిది. ఈ రెంటిని తీసికొని ఆసుపత్రికి పోగా, పెద్ద వైద్యుడు చదివి, విడుదల పత్రములోని "పది" అనునది రోగి బంధువు నోటిమాటనుబట్టి వ్రాసినదనియు, ఆధారములనుబట్టి "రెండు" అని యుండవలెననియు ఒక పంక్తి వ్రాసి సంతకము చేసెను. నాలుగు నెలలకు డబ్బు వచ్చినది.

2024లో నియంత్రణ సంస్థ, డబ్బు కట్టని చికిత్సకు గంటలో అనుమతి చెప్పవలెననియు, విడుదలవేళ తుది జవాబు మూడు గంటలలో నీయవలెననియు కంపెనీలను శాసించినది. ఆ మూడు గంటలలోనే విడుదల పత్రమును చదివించుకొనుటకు వీలగును. జబ్బు ఎప్పటినుండి యున్నదని వ్రాసిరో, పేరు, వయసు, చేరిన తేదీ కార్డుతో సరిపోయినవో చూచి, తప్పున్నచో అచ్చటనే దిద్దించి, వైద్యుని సంతకము వేయించుకొనవచ్చును. మా మామగారు మొన్న మా యింటికి వచ్చినప్పుడు ఆ వైద్యశిబిరపు చీటీ ఎక్కడ నున్నదని అడిగితిని. భూమి పట్టాలున్న రేకుపెట్టెలో, వానికంటె పైని, పెట్టినానని చెప్పిరి.